నాలుగో పాట తర్వాత

తలుపు సందులో డ్రమ్మర్ కుడి చెయ్యి ఉంది.

మామూలు తలుపు కాదది. బయటి చప్పుడు చీమంత కూడా లోపలికి రాకుండా చెక్కా రబ్బరూ కలిపి జానెడు మందాన చేసిన తలుపు. ఇద్దరు కానిస్టేబుళ్లు దానికి భుజాలు ఆనించి నిలబడ్డారు. చూపుడువేలు అప్పటికే విరిగింది. అది తక్కిన వేళ్లతో సంబంధం లేనట్టు పక్కకి తిరిగి ఉంది.

"రెండోది," అన్నాడు డిప్యూటీ, వాచీ చూసుకుంటూ.

తలుపు కదిలింది. డ్రమ్మర్ గొంతులోంచి కేక రాలేదు, గాలి మాత్రమే వచ్చింది. అదే క్షణంలో ఒక లాఠీ ఆ సందులో దిగబడింది. కర్ర ఫట్‌మని చీలింది గానీ తలుపు ఆగింది.

"తియ్యండి," అంది ఇన్‌స్పెక్టర్. మెట్లు పరుగున ఎక్కి వచ్చిందేమో, ఆమెకి ఊపిరి సరిగ్గా అందడం లేదు. "తియ్యండ్రా! లేకపోతే ఈ కర్ర మిగతా ముక్క మీ మోకాళ్ల మీద విరుగుతుంది."

కానిస్టేబుళ్లు డిప్యూటీ మొహం చూశారు. ఆయన కళ్లతోనే సరే అన్నాడు. డ్రమ్మర్ చెయ్యి లాక్కుని, దాన్ని పసిపిల్లని హత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని గోడ వారన కూలబడ్డాడు.

"డిప్యూటీ గారూ, ఇది హత్య జరిగిన గది తలుపు. దీని మీద నెత్తురు ఎవరిదో రేపు కోర్టులో నేను చెప్పుకోవాలి. మీరేమో కొత్త నెత్తురు పూస్తున్నారు."

"మీరు మరకలు చూసుకోండి మేడం. నేను మనిషిని చూసుకుంటాను. రేపు పొద్దున్నకల్లా ఒప్పుకుంటాడు."

"వాడు వేళ్లతో బతికేవాడు."

"అందుకేగా అక్కడ మొదలుపెట్టింది!"

ప్రత్యేక దళంలో డిప్యూటీకి ఉన్న పేరంతా ఇలా సంపాదించిందే. ఆయన పట్టుకున్న ప్రతివాడూ ఒక్క రోజులో నేరం ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాళ్లలో తన కాళ్ల మీద తను నడిచి కోర్టుకి వచ్చినవాళ్లు తక్కువ.

ఆయన నడుము దగ్గర వైర్‌లెస్ గరగరలాడింది. "వ్యాను బయల్దేరింది సార్. రిజిస్టర్లో రాయాలి. నిందితుడి పేరు?"

డిప్యూటీ నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టర్ సెట్టుని చేత్తో మూసింది.

"మీ దళానికి అప్పగించమన్న ఆర్డరు ఐదున్నర నుంచి. ఇప్పుడు టైమెంత?"

"ఐదింటికి రెండు నిమిషాలు."

"అయితే ముప్ఫై రెండు నిమిషాలు వీడు నావాడు."

డిప్యూటీ నవ్వాడు. "అలాగే కానివ్వండి. ఉరికంబం ఎక్కేవాణ్ణి ఆఖరి కోరిక అడుగుతారు కదా, అలా అనుకుంటాను."

*

శవం ఇంకా గదిలోనే ఉంది.

పోయినాయన ఆ ఆఫీసులో శ్రవణాధికారి. అందరూ చెవుల మాస్టారు అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం ఒక్కటే, పాట వినడం. రేడియోలో వేసే ప్రతి పది పాటల్లో ఐదు ఈ దేశానివే అయి ఉండాలని చట్టం. పాట ఈ దేశానిదా కాదా అని తేల్చడానికి ఈ ఆఫీసు. గదిలో మనుషులు కూర్చుని వాయించాలి, మిషన్ వాయించకూడదు. రాసినవాడు, పాడినవాడు ఇక్కడివాళ్లు కావాలి. పాట మూడు నిమిషాలకి తగ్గకూడదు. ముక్కా చెక్కా పాటలతో రేడియోవాళ్లు లెక్క నింపేస్తారేమోనని ఆ చివరి షరతు. అన్నీ కుదిరితే డైరెక్టర్ చేతుల మీదుగా పాట పత్రం మీద ఇనుప ముద్ర పడుతుంది. ముద్ర లేని పాట ఇంటి పాట కాదు.

ఆ ముద్ర వేసే మిషనే ఇప్పుడు బల్ల కింద పడి ఉంది. తొమ్మిది కిలోల ఇనుము. దానితో మాస్టారి కణత మీద మూడుసార్లు కొట్టారు. మూడో దెబ్బ ఎంత బలంగా పడిందంటే, ముద్రలో ఉన్న గుండ్రటి అంచూ అక్షరాలూ తలకిందులుగా చర్మంలో దిగిపోయాయి. అంతటితో ఆగలేదు. హెడ్‌ఫోన్ తీగ మెడకి రెండు చుట్లు చుట్టి, అది మాంసంలోకి దిగి కనబడకుండా పోయేదాకా లాగారు.

గది చల్లగా ఉంది. మిషన్ల కోసం ఏసీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అందుకే డాక్టర్ కూడా చేతులెత్తేశాడు. రెండుకీ నాలుగుకీ మధ్య అంతే, అంతకంటే దగ్గరగా చెప్పలేనన్నాడు.

"డాక్టర్ చెప్పలేకపోతే కాగితం చెబుతుంది," అని డిప్యూటీ బల్ల మీది శ్రవణ పత్రం వేలితో తట్టాడు. "చట్టప్రకారం ప్రతి పాటా రెండుసార్లు వినాలి. మాటల కోసం ఒకసారి, సంగీతం కోసం ఒకసారి. విన్న టైము, నిడివి, ఫలితం రాయాలి. ఇవాళ రెండింటికి మొదలుపెట్టాడు. పదకొండో పాట మూడూ ఇరవై ఆరుకి ముగిసింది. ఆ పాట ఎవరిదో తెలుసా? ఇదిగో, ఈ వేళ్ల వీరుడిది. పోయిన నెల ఈ మాస్టారే, వీడి సొంత బావ, ఆ పాటని తోసేశాడు. డ్రమ్ము మిషన్ వాయించినట్టుందన్నాడట. ఇవాళ తిరిగి వినే వాయిదా. గేటు రిజిస్టర్లో వీడు వచ్చింది మూడూ పదికి, వెళ్లింది మూడున్నరకి. పీక మీద కూర్చుని పాసు రాయించుకున్నాడు, తర్వాత చంపాడు. తలుపు పైన లైటు ఎంతకీ ఆరడం లేదని మూడూ యాభైకి అటెండరమ్మ తలుపు తీసింది. ఇంకేం కావాలి?"

"పైకి ఇంకెవరు వచ్చారు?"

"ఎవరూ రాలేదమ్మా," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరమ్మ. "ఈ అంతస్తులో ఉన్నవే రెండు గదులు. ఒకటి మాస్టారిది, ఒకటి డైరెక్టర్ గారిది. అయ్యగారు రెండూ నలభై ఐదుకే మంత్రి గారి మీటింగుకి వెళ్లిపోయారు, నేనే రిజిస్టర్లో రాశాను. ఇందాకే వచ్చారు, పాపం."

ఇన్‌స్పెక్టర్ డ్రమ్మర్ ముందు గొంతుక్కూర్చుంది. "చెప్పు. మూడూ పది నుంచి మూడున్నర దాకా ఏం చేశావు?"

"నిలబడ్డానండి."

"ఎక్కడ?"

"ఇక్కడే. పైన ఎర్ర లైటు వెలుగుతోంది. వెలిగితే మా బావ పాట వింటున్నట్టు. మంత్రి వచ్చినా తలుపు తియ్యకూడదు. చివరికి విసుగొచ్చి తలుపుని ఓ తన్ను తన్ని పోయాను." తలుపు కింద బూటు గుర్తు ఉంది. "లోపల మా బావ వింటున్నాడనుకున్నాను. నా మీద కోపంతో కావాలనే నిలబెట్టాడనుకున్నాను. ఆయన వినడం అప్పటికే అయిపోయిందేమో."

"ఫోన్లో చంపేస్తానన్నావట?"

"మా బావని రోజుకోసారి అనేవాణ్ణి. ఆయన నన్ను చెవిటి వెధవా అనేవాడు. మా ఇంట్లో అది పలకరింపు."

"బావుంది వరస," అన్నాడు డిప్యూటీ.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మాస్టారి భార్య వచ్చింది. ఆమె డ్రమ్మర్‌కి అక్క, కోరస్‌లో పాడుతుంది. రికార్డింగ్ మధ్యలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో ఇంకా పాట కాగితం ఉంది. దుప్పటి ఎత్తి చూసింది. ఏడవలేదు. నేరుగా తమ్ముడి దగ్గరికి వెళ్లి చెంప ఛెళ్లుమనిపించింది.

"నువ్వేనా?"

"కాదక్కా."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

"కాదక్కా. పొద్దున పాట తెచ్చుకుంటానని ఫోన్ చేస్తే, మళ్లీ వింటాను గానీ మళ్లీ తోసేస్తాను అన్నాడు. అంతే."

ఆమె చూపు అప్పుడు విరిగిన వేలి మీద పడింది. పక్కనే కూర్చుని, ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. కొట్టిన చేత్తోనే.

"మీ ఆయనకి శత్రువులున్నారా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"పాట పాసు కాని ప్రతివాడూ శత్రువేనండీ. పదింట్లో ఆరు తోసేసేవాడు. కానీ ఈ మధ్య ఇంకో బెంగ పట్టుకుంది. తను తోసేసిన పాటలు ముద్రతో రేడియోలో వినబడుతున్నాయి. రెండు వందల పదకొండు రాసుకున్నాడు. అన్నీ మిషన్ వాయించినవే. చట్టం చేసింది మా వాయిద్యాలవాళ్లు బతకాలని. ఆ చట్టం పేరు చెప్పే మా నోటి దగ్గర కూడు లాగేస్తున్నారని కుమిలిపోయేవాడు. రేపు పదింటికి చట్టసభ కమిటీ ముందు ఆ చిట్టా చదువుతానన్నాడు."

"ఆ చిట్టా ఏది?"

"ఎప్పుడూ చొక్కా జేబులోనే."

చొక్కా జేబు ఖాళీగా ఉంది. చిరిగి కూడా ఉంది.

డిప్యూటీ భుజాలెగరేశాడు. "వీడే చింపి ఉంటాడు. ఐదూ పన్నెండు, మేడం."

*

ఆమె మళ్లీ గదిలోకి వెళ్లింది. మెడ చుట్టూ తీగ. ఆ తీగ కింద ఇంకో నల్ల తాడు, దానికి స్టాప్‌వాచ్. అద్దం పగిలింది గానీ ముళ్లు ఆగిన చోటే ఉన్నాయి. మూడు నిమిషాల యాభై ఆరు సెకన్లు.

శ్రవణ పత్రంలో వేలు పెట్టి వెతికింది. మొదటి పాట 2.17, తోసివేత. రెండోది 3.48, పాసు. మూడోది 2.41, తోసివేత. నాలుగోది 3.56, పాసు.

నాలుగోది. అది ముగిసిన టైము రెండూ ముప్ఫై రెండు.

ఆ తర్వాత ఏడు పాటలున్నాయి. 3.05, 3.10, 3.05, 3.00, 3.05, 3.10, 3.05. ఏడూ పాసు.

"అమ్మా," అని పిలిచింది. "మీ ఆయన వరసగా ఏడు పాటలు పాసు చెయ్యడం ఎప్పుడైనా చూశారా?"

వితంతువు ఏడుస్తూనే నవ్వింది. "ఏడా! మా పెళ్లిలో నేను పాడిన పాటనే పాసు చెయ్యలేదండీ ఆయన."

"మరి ఈ నిడివులు చూడండి."

ఆమె చూసింది. మొహం మారింది. "ఇవి అట్ట మీది టైములు."

"అంటే?"

"సీడీ అట్ట వెనక అచ్చేసేవి. మూడు నిమిషాల షరతు వచ్చాక అచ్చువాళ్లు ప్రతి అట్ట మీదా మూడూ ఐదు అనో, మూడూ పది అనో కొట్టేస్తారు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. లోపల పాట రెండు నిమిషాలుండచ్చు, నాలుగుండచ్చు. వాయించేవాళ్లూ పాడేవాళ్లూ కొట్లో అమ్మేవాడూ, ఎవరూ అట్ట టైము నమ్మరు. నమ్మేవాళ్లుంటే ఈయన మెడలో వాచీ ఎందుకండీ?"

ఇన్‌స్పెక్టర్ పత్రం బల్ల మీద పెట్టింది. తర్వాత అటెండరమ్మతో మెల్లగా అంది. "డైరెక్టర్ గారిని ఓసారి రమ్మను. ఆయన సాయం కావాలని చెప్పు."

డైరెక్టర్ వచ్చాడు. పొడుగాటి మనిషి. తెల్ల రుమాలు కుడి అరచేతికి చుట్టుకుని దాంతోనే కళ్లు తుడుచుకుంటున్నాడు. శవం వైపు చూడలేకపోయాడు.

"నా కుడి చెవి పోయింది ఇన్‌స్పెక్టర్ గారూ. పదిహేనేళ్లు కలిసి పనిచేశాం. ఇంకా ఈ హంతకుణ్ణి ఇక్కడ కూర్చోబెట్టుకున్నారేం?"

"నేనూ అదే అడుగుతున్నాను సార్," అన్నాడు డిప్యూటీ. "ఐదూ ఇరవై."

"చిన్న అనుమానం ఉంది సార్," అంది ఇన్‌స్పెక్టర్. గుట్టలోంచి పదకొండో సీడీ తీసింది. "ఇది చట్టానికి సంబంధించిన విషయం. దేశంలో మీకంటే తెలిసినవాళ్లెవరు? ఈ పాట మూడు నిమిషాల షరతు దాటుతుందా లేదా?"

డైరెక్టర్ సీడీ అందుకున్నాడు. అటు తిప్పాడు. వెనక అట్ట చూశాడు.

"ఇదిగో, మూడూ ఐదు. బ్రహ్మాండంగా దాటుతుంది."

అటెండరమ్మ నోట్లోంచి నవ్వు జారింది. వెంటనే కొంగు అడ్డం పెట్టుకుంది. వితంతువు నవ్వలేదు. తలెత్తి డైరెక్టర్ని అలా చూస్తూ ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు డైరెక్టర్.

"ఏం లేదు సార్. ఒక్కసారి విందాం."

ఆమె సీడీ మిషన్లో పెట్టింది. హెడ్‌ఫోన్ శవం మెడకే ఉంది కాబట్టి పెద్ద స్పీకర్ ఆన్ చేసింది. డ్రమ్మర్ని లోపలికి రమ్మంది. తలుపు మూసి, బయటి ఎర్ర లైటు మీట నొక్కింది.

"చట్టం తెలుసుగా. పాట అయ్యేదాకా తలుపు తీసేది లేదు."

పాట మొదలైంది. నెత్తురు వాసన నిండిన ఆ చల్లటి గదిలో డ్రమ్ము దడదడలాడింది. డ్రమ్మర్ ఎడమ చెయ్యి తనంతట తానే తొడ మీద కదలడం మొదలుపెట్టింది. విరిగిన వేలున్న కుడి చెయ్యి కూడా కదలబోయి ముడుచుకుంది. ఇన్‌స్పెక్టర్ తన వాచీ చూస్తోంది.

ఒక నిమిషం. రెండు. మూడు. మూడూ ఐదు.

పాట సాగుతూనే ఉంది. వేగం ఇంకా పెరిగింది.

"ఎప్పుడు ముగుస్తుంది?" అడిగింది.

డ్రమ్మర్ కళ్లు మూసుకునే ఉన్నాడు. "ఇంకో పదహారు దెబ్బలుండి, ఒక గ్యాపు, మళ్లీ పదహారు." తొడ మీద కొట్టుకుంటూ పోయాడు. గ్యాపు వచ్చింది. మళ్లీ కొట్టాడు. అతని చెయ్యి ఆగిన చోటే పాటా ఆగింది.

"నాలుగు నిమిషాల రెండు సెకన్లు," అంది ఇన్‌స్పెక్టర్. "డిప్యూటీ గారూ, వీడు బావ పీక మీద కూర్చుని తన పాటకి తనే పాసు రాయించుకున్నాడన్నారు. ముగింపు దెబ్బతో సహా గుర్తున్నవాడు తన పాట నిడివి మూడూ ఐదని రాస్తాడా? మాస్టారు రాశారంటారా? ఆయన వాచీ 3.56 దగ్గర ఆగిపోయింది. అది నాలుగో పాట. టైము రెండూ ముప్ఫై రెండు. ఆ తర్వాత ఆయన ఇంకే పాటా వినలేదు."

డిప్యూటీ పత్రం లాక్కుని చూశాడు. తర్వాత, "ఏ సీడీ కంపెనీవాడో..." అన్నాడు.

"కంపెనీవాడా? ఆ అట్టలు అచ్చేసేదే వాడు. ఆ అబద్ధం తనకి తెలియదా? వాయించేవాడికి తెలుసు, పాడేవాడికి తెలుసు, చివరికి అటెండరమ్మకీ తెలుసు. ఈ సంగీతంలో ఉండీ అట్ట మీది టైము నమ్మే మనిషంటే, పదిహేనేళ్లుగా ఒక్క పాటా వినకుండా ముద్ర వేసినవాడే. చెవిటివాడి ముందు రెండు వందల పదకొండు సార్లు శంఖం ఊదారు మాస్టారు. రేపు కమిటీ ముందు ఊదుతానన్నారు. రెండూ ముప్ఫై రెండు నుంచి రెండూ నలభై ఐదు దాకా పదమూడు నిమిషాలు. చంపడానికీ, ఏడు అంకెలు అట్టలు చూసి ఎక్కించడానికీ, ఎర్ర లైటు వెలిగించి గేటు దగ్గర పేరు రాయించుకోవడానికీ సరిపోతాయి. వాయిదా మూడింటికని తెలుసు. బలికి ఎవరు వస్తారో కూడా తెలుసు."

"నాన్సెన్స్!" డైరెక్టర్ వెనక్కి అడుగేశాడు. వీపు తలుపుకి తగిలింది. "నేను మంత్రి గారి పక్కన..."

"రుమాలు తియ్యండి సార్."

"ఏమిటి?"

"కళ్లు తుడుచుకునే రుమాలు ఎవరైనా చేతికి చుట్టుకుంటారా?"

డైరెక్టర్ తలుపు పిడి మీదికి దూకాడు. వితంతువు కాలు అడ్డం పెట్టింది. ఆ పొడుగాటి మనిషి బల్ల అంచు మీద మొహం పగిలేలా పడ్డాడు. పెదవి చిట్లింది, రెండు పళ్లు నేల మీద దొర్లాయి. లేచి పిడికిలి ఎత్తాడు. ఇన్‌స్పెక్టర్ దగ్గర చీలిన లాఠీ ఇంకా ఉంది. మణికట్టు మీద ఒక్కటే దెబ్బ. ఎముక విరిగిన చప్పుడు ఆ గదిలో బయటికి పోయే దారి లేక అందరి చెవుల్లోనూ మిగిలింది.

రుమాలు జారింది. అరచేతికి అడ్డంగా, నల్లబడ్డ నెత్తురుతో సన్నటి గాడి. సరిగ్గా హెడ్‌ఫోన్ తీగంత మందం.

డిప్యూటీ ఆ గాడినీ శవం మెడనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత వంగి డైరెక్టర్ కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితాల కట్ట బయటికొచ్చింది. ఒక మూల చొక్కా గుడ్డ పీలిక ఇంకా పిన్నుకి వేలాడుతోంది. మొదటి పేజీ మీద చిన్న చిన్న అక్షరాలతో వరస సంఖ్యలు. చివరిది రెండు వందల పదకొండు.

నడుము దగ్గర వైర్‌లెస్ మళ్లీ గరగరలాడింది.

"వ్యాను గేటు దగ్గరుంది సార్. ఐదున్నరయింది. రిజిస్టర్లో ఎవరి పేరు రాయమంటారు?"

డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఆమె సెట్టు అందుకోలేదు.

"ఇందాక తొందరపడ్డారుగా," అంది. "మీరే చెప్పండి. గట్టిగా చెప్పండి, వీడి అక్కకి వినబడాలి."

వితంతువు తమ్ముడి చెయ్యి పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. డిప్యూటీ ఆ చేతి వైపు చూడకుండా సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. మీట నొక్కాడు.

"రాసుకో," అన్నాడు. "హంతకుడు డ్రమ్మర్ కాదు. ముద్రల ఆఫీసు డైరెక్టర్."